మళ్ళీ ఆ సరస్సు దగ్గరికి వెళ్ళనా, మాననా?

న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు నలభై మూడు. పుట్టి పెరిగింది కోనసీమలో. పెళ్ళయ్యాక అమెరికా వెళ్ళారు. పదమూడేళ్ళ కూతురు స్కౌట్స్‌లో ఉంది. ఆడపిల్లల ట్రూప్ ఎక్కడికి వెళ్ళినా నమోదైన మహిళా లీడర్ ఒకరు వెంట ఉండి తీరాలి. మిగతా తల్లులెవరికీ సెలవు దొరకలేదు. దాంతో ఈమె పేరు నమోదు చేయించుకుని, శిక్షణ తీసుకుని, కిందటి జూలైలో పెన్సిల్వేనియా కొండల్లో వారం రోజుల క్యాంప్‌కి వెళ్ళారు.

మొదటి రోజు మధ్యాహ్నమే సరస్సు ఒడ్డున ఈత పరీక్ష. పిల్లలతో పాటు, నీళ్ళలోకి దిగాలనుకునే పెద్దలకూ పెడతారు. ఈమె తమ కాలనీ పూల్‌లో కొన్నాళ్ళు నేర్చుకున్నారు. ఛాతీ లోతు నీళ్ళలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వెళ్ళగలరు. "ఈత వచ్చా?" అని అడిగినప్పుడు పక్కన కూతురు, వెనక వరసలో పిల్లలు. "వచ్చు" అన్నారు. తర్వాత జరిగింది ఆమె మాటల్లోనే: "దూకాక కాళ్ళకి నేల తగల్లేదు. చల్లదనం గుండెకి కొట్టింది. ఊపిరి అందలేదు. అరుద్దామనుకున్నాను, గొంతు రాలేదు. ఎవరో పొడవాటి కర్ర చేతికి అందించారు. దాన్ని పట్టుకుంటే లాగారు. పైకొచ్చి చూస్తే పన్నెండేళ్ళ పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. మా అమ్మాయి మాత్రం ఎటో చూస్తోంది."

ఆ వారమంతా తలనొప్పి అని చెప్పి సరస్సు వైపు పోలేదట. ఇంటికొచ్చాక అసలు దెబ్బ తగిలింది. ఒడ్డున ఉన్న ఒక తండ్రి ఇదంతా ఫోన్‌లో తీసి ఈమె భర్తకి పంపాడు. ఆయన "గాలానికి చిక్కిన మా జలకన్య" అని రాసి ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆడపడుచులు నవ్వుల బొమ్మలు పెట్టారు. అత్తగారు "ఈ వయసులో ఆ బట్టలేమిటమ్మా" అన్నారు. అప్పట్నుంచి తల మీద షవర్ నీళ్ళు పడినా ఉలిక్కిపడుతున్నానని రాశారు.

ఇంకో సంగతి ఉత్తరం చివర్లో ఉంది. ఈమెకి తొమ్మిదేళ్ళప్పుడు పెద్దమ్మ కూతురు కాలువ రేవులో జారి చనిపోయింది. ఆ రోజు నుంచి వాళ్ళమ్మ పిల్లల్ని నీళ్ళ దగ్గరికి పోనివ్వలేదు. ఈత నేర్చుకున్నట్టు గానీ, సరస్సులో దూకినట్టు గానీ ఆవిడకి ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు కూతురు వచ్చే జూలైకి కూడా అమ్మే రావాలంటోంది. మహిళా లీడర్ లేకపోతే ట్రూప్ వెళ్ళడం కుదరదు. భర్త "ఉన్న పరువు చాలు, ఇంక మానెయ్" అంటున్నారు. వెళ్ళాలా? వెళ్తే మళ్ళీ ఆ పరీక్షకి నిలబడాలా? ఆ వీడియోని ఎలా మర్చిపోవాలి? అమ్మకి చెప్పాలా? ఇవీ ప్రశ్నలు.

అమ్మా, మీరు నాలుగు ప్రశ్నలు విడివిడిగా అడిగారు గానీ మీ మనసులో అవన్నీ ఒకే ముడిగా ఉన్నాయి. సరస్సుకి వెళ్ళకపోతే వీడియో గెలిచినట్టు, వెళ్తే అమ్మ మాట కాదన్నట్టు, పరీక్షకి నిలబడకపోతే కూతురి దగ్గర పరువు పోయినట్టు. ఈ ముడితో ఏ నిర్ణయం తీసుకున్నా తప్పుగానే తోస్తుంది. అందుకని ఒక్కో పోగూ లాగి చూద్దాం.

ముందు ఆ పరీక్ష. మీరు దాన్ని పదో తరగతి పరీక్షలా తలుచుకుంటున్నారు. తప్పారు, అందరూ చూశారు, ఇక ఆ మచ్చ పోదు అన్నట్టు. స్కౌట్స్ ఈత పరీక్షలో ఏం చేయమంటారో ఇప్పుడు ఇంట్లో కూర్చుని చదవండి. తల మునిగే లోతులోకి కాళ్ళు ముందుగా దూకాలి. పైకొచ్చి 75 గజాలు బలంగా ఈదాలి. ఆ తర్వాత 25 గజాలు వెల్లకిలా, ఒళ్ళు అలసిపోకుండా నెమ్మదిగా ఈదాలి. మొత్తం 100 గజాలూ ఎక్కడా ఆగకూడదు, మధ్యలో కనీసం ఒక మలుపు తిరగాలి. అదయ్యాక ఊరికే తేలి చూపించాలి. మామూలు పూల్ పొడవు 25 గజాలనుకుంటే నాలుగు పొడవులు. ఛాతీ లోతులో అడ్డంగా ఈదిన మనిషి ఇది చేయలేకపోయిందంటే అందులో వింతేముంది?

దాని కింద బిగినర్ల పరీక్ష ఒకటుంది. అదే లోతులో దూకి, 25 అడుగులు ఈది, మలుపు తిరిగి వెనక్కి రావాలి. రెండూ చేయనివాళ్ళు నాన్‌స్విమ్మర్లు. ఒక్కో స్థాయికి ఒక్కో రంగు గుర్తుబిళ్ళ ఉంటుంది; వీళ్ళకి తెల్లబిళ్ళ ఇస్తారు, మూడున్నర అడుగుల లోతు దాటి వెళ్ళనివ్వరు. ఎవరు ఎంతలో ఉండాలో తేల్చడానికి చేసిన ఏర్పాటు ఇది. ఏడాదికోసారి మళ్ళీ తేలుస్తారు, కిందటేడు వచ్చిన రంగు ఈ ఏడు చెల్లదు. మీ విషయంలో ఆ ఏర్పాటు నిజానికి బాగా పనిచేసింది. లోతు నీళ్ళు మీకు పడవన్న సంగతి, కర్ర పట్టుకుని మనిషి నిలబడ్డ చోట, క్షణాల్లో తేలిపోయింది. అదే సంగతి మూడో రోజు సరస్సు నడిమధ్య పడవ తిరగబడ్డప్పుడు తేలి ఉంటే?

అక్కడ సరిగా లేనిది "వచ్చు" అన్న మీ జవాబు ఒక్కటే. దానికీ మిమ్మల్ని పెద్దగా తప్పుపట్టను. పూల్‌లో నేర్పేవాళ్ళు చాలామంది నేల అందే చోట చేతులూ కాళ్ళూ ఆడించడం నేర్పి, అటూ ఇటూ వెళ్ళగానే ఈత వచ్చేసిందంటారు. నేల అందదన్న సంగతి తెలిసిన మరుక్షణం ఒళ్ళు ఏం చేస్తుందో ఆ క్లాసులో కనపడదు. మీరు అబద్ధం ఆడలేదు. మీకు తెలిసిన ఈతకి వేరే పేరు ఉందని మీకెవరూ చెప్పలేదు.

ఇక ఆ కొన్ని క్షణాలు. ఊపిరి ఎందుకు ఆగింది, గొంతు ఎందుకు రాలేదు, అంత పిరికిదాన్నా అని రాశారు. కొండల్లోని సరస్సుల్లో జూలైలో పైపొర ఎండకి వెచ్చగా ఉంటుంది, కింది నీళ్ళు చల్లగానే ఉంటాయి. నడుం లోతులో దిగినవాళ్ళకి అది తెలియదు. కాళ్ళు ముందుగా దూకిన మనిషి నేరుగా ఆ చల్లని పొరలోకి దిగుతుంది. ఒంటికి ఒక్కసారిగా చల్లనీళ్ళు తగిలితే మన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని గట్టిగా గాలి పీలుస్తాం, తర్వాత ఊపిరి గబగబా ఆడుతుంది, అదుపులో ఉండదు. ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ కాసేపూ ఈదాలని చూడకుండా తేలి ఉండమని బ్రిటన్‌లో సముద్రతీర రక్షకులు జనానికి ఏళ్ళుగా చెబుతున్నారు. కానీ తేలడం తెలియాలి కదా. మీకు అదే ఎవరూ నేర్పలేదు.

గొంతు సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే అది మీ వీడియోకి సంబంధించినది. ఫ్రాంక్ పియా అనే అమెరికన్ లైఫ్‌గార్డ్ న్యూయార్క్‌లోని ఆర్చర్డ్ బీచ్‌లో మునిగిపోతున్నవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి, చిత్రీకరించి ఒక సంగతి చెప్పాడు. నిజంగా మునిగేవాళ్ళు సాధారణంగా కేకలు వేయరు. చేతులూపి పిలవరు. నోరు నీటి పైకి వచ్చిన కాస్త సమయం ఊపిరి పీల్చడానికే సరిపోదు, అరవడానికెక్కడిది? చేతులు పక్కలకి చాచి నీటిని కిందికి నొక్కుతుంటారు. ఒళ్ళు నిలువుగా ఉంటుంది. చూసేవాళ్ళకి నీళ్ళలో ఆడుకుంటున్నట్టు ఉంటుంది. ఇలా పైన పెనుగులాడేది 20 నుంచి 60 సెకన్లే, ఆ తర్వాత మునక.

మీ వీడియోలో అందరికీ నవ్వొచ్చింది ఇదే అయుంటుంది. అరుపు లేదు, ఏడుపు లేదు. ఒక పెద్దావిడ నీళ్ళని చేతులతో చరుస్తోంది, ఇంతలో కర్ర వచ్చింది, పట్టుకుంది. మీవారు అందులో ఆటే చూశారు. కర్ర పట్టుకున్నవాడు మాత్రం ఇంకోటి చూశాడు, అందుకే అడగకుండానే చాచాడు. ఈ తేడా మీవారికి తెలియదని నా అనుమానం. తెలిసీ నవ్వితే అది వేరే ఉత్తరం రాయాల్సిన విషయం.

ఇక వెళ్ళడమా, మానడమా.

మీరు అనుకుంటున్నట్టు వెళ్ళడమంటే మళ్ళీ దూకడం కాదు. తెల్లబిళ్ళ తీసుకుని వెళ్ళవచ్చు. నీళ్ళలోకి దిగనని ముందే చెబితే పరీక్షే అక్కర్లేదు. మీరు ఆ క్యాంప్‌లో ఉండాల్సిన అవసరం మీ ఈత వల్ల రాలేదు, మీరు ఇరవయ్యొకటి దాటిన, నమోదైన, శిక్షణ పొందిన ఆడమనిషి కావడం వల్ల వచ్చింది. రాత్రి పిల్లకి జ్వరమొస్తే చూడటం, నెలసరి వచ్చిన పిల్ల మగ లీడర్‌కి చెప్పలేని మాట వినడం, వాన పడితే గుడారాలు సర్దించడం, ఇవన్నీ ఒడ్డు మీది పనులు. ఈతల వేళ కూడా స్కౌట్స్ నియమాల్లో కాపలా చూసే మనిషి అని ఒకరుంటారు. ఆ మనిషికి నియమాలన్నీ క్షుణ్ణంగా తెలియాలి, చూపు నీటి మీంచి కదలకూడదు. దూకి రక్షించే పని మాత్రం వేరేవాళ్ళది. నిలువుగా, నిశ్శబ్దంగా మునగడం ఎలా ఉంటుందో మీకు తెలిసినంత ఆ ఒడ్డున ఇంకెవరికి తెలుసు? కాకపోతే దీనికో ఖరీదుంది. పిల్లలు కయాక్ అనే చిన్న తెడ్డు పడవ మీద దూరం వెళ్ళినప్పుడు మీరు వెళ్ళలేకపోవచ్చు. "ఆంటీ, మీరు రారా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. కిందటేడు చూసిన పిల్లలు గుర్తుపెట్టుకునే ఉంటారు. "నాకు లోతు ఈత రాదు" అని మామూలు గొంతుతో అనగలిగితే ఈ దారి హాయి. అనలేక మళ్ళీ తలనొప్పి వంకతో గుడారంలో పడుకునేట్టయితే ఆ వారం కిందటేటికన్నా కష్టంగా ఉంటుంది.

రెండో దారి, ఈలోగా నేర్చుకోవడం. ఇండోర్ పూల్స్ చలికాలమంతా తెరిచే ఉంటాయి. వైఎంసీఏల్లో, రెడ్‌క్రాస్ పద్ధతిలో నేర్పే చోట్ల పెద్దవాళ్ళకి వేరే క్లాసులుంటాయి. చేరేముందు నేర్పే మనిషితో ఒక్క మాట చెప్పండి: లోతులో ఒకసారి భయపడ్డాను, ముందు తేలడం కావాలి, వేగం వద్దు. ఆ మాట విని కూడా "ఏం కాదు, దూకెయ్యండి" అనే మనిషి అయితే ఇంకొకరిని వెతుక్కోండి. మొహం నీళ్ళలో పెట్టి నోటితో గాలి వదలడం, వెల్లకిలా తేలడం, తేలిన స్థితి నుంచి మళ్ళీ నిలబడటం, ఆ తర్వాత గట్టు పట్టుకుని లోతు వైపు జరగడం. ఇవి విసుగ్గా ఉంటాయి. పక్క వరసలో ఆరేళ్ళ పిల్లలు చేపల్లా పోతుంటారు. షవర్ నీళ్ళకే ఉలికిపాటు వస్తోందన్నారు కాబట్టి మొదటి మెట్టు మీ స్నానాల గదిలోనే ఉంది. చెంబుతో కొద్దికొద్దిగా తల మీద పోసుకుంటూ ఊపిరి వదలడం అలవాటు చేసుకోండి. అదీ తగ్గకపోతే, కలల్లోకి వస్తుంటే, ఈత మాస్టారికన్నా ముందు కౌన్సెలర్‌ని కలవడం మేలు. నీళ్ళలో ఊపిరి అందని అనుభవం కొందరిలో అలాగే పట్టుకుని ఉండిపోతుంది, దానికి సాయం చేసేవాళ్ళున్నారు.

ఈ దారిలో మిమ్మల్ని హెచ్చరించాల్సింది ఒకటుంది. జూలై గడువు పెట్టుకుని 100 గజాల మీద పంతం పట్టకండి. రాకపోతే రెండోసారి ఓడానంటారు. దానికి బదులు రెడ్‌క్రాస్ వాళ్ళు ఏ మనిషికైనా నీళ్ళ దగ్గర అవసరమని చెప్పే ఐదు పనులున్నాయి: లోతులోకి దిగడమో దూకడమో, పైకొచ్చి ఒక నిమిషం తేలి ఉండటం, గుండ్రంగా తిరిగి బయటికి దారి చూసుకోవడం, 25 గజాలు ఆ వైపు కదలడం, నిచ్చెన లేకుండా గట్టెక్కడం. ఇవి ప్రాణానికి సంబంధించినవి. ఇవి వస్తే బిగినర్ల పరీక్ష దాదాపు దానంతటదే వస్తుంది. రంగు సంగతి తర్వాత.

వయసు గురించి అత్తగారు అన్నదానికి ఒక్క మాట. సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల నలభై దాటాక ఈత మొదలుపెట్టి, 2021 మార్చిలో భారత్‌కీ శ్రీలంకకీ మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈదారు. మీరు అలా చేయాలని చెప్పడం లేదు, అలాంటి పోలికలు తెచ్చి మనుషుల్ని వేధించడం నాకు నచ్చదు. వయసు అడ్డం అన్న మాటకి మాత్రం అది చాలిన జవాబు. బట్టల విషయానికొస్తే పొడుగు చేతుల స్విమ్ చొక్కా, చీలమండల దాకా వచ్చే స్విమ్ లెగ్గింగ్స్ అక్కడ ఎక్కడైనా దొరుకుతాయి. మీరు వేసుకున్నదీ అలాంటిదేనని రాశారు. నూలు చుడీదార్‌తో మాత్రం దిగకండి, తడిస్తే ఒంటికి చుట్టుకుని కాళ్ళూ చేతులూ సరిగా ఆడనివ్వదు.

మూడోది, వెళ్ళకపోవడం. దాన్ని ఓటమి అనను. కానీ మీరు మానేస్తే పిల్లల క్యాంప్ ఆగకూడదు కదా, అందుకని ఆ నిర్ణయం జూన్‌లో చెబితే కుదరదు. రాత్రి బస చేసే పెద్దలందరూ నమోదై, పిల్లల రక్షణ శిక్షణ పూర్తి చేసి ఉండాలి. మూడు రోజులు దాటే క్యాంప్ కాబట్టి డాక్టర్ పరీక్ష చేసి సంతకం పెట్టిన ఆరోగ్య పత్రం కూడా కావాలి. ఇంకో తల్లిని ఒప్పించి ఇవన్నీ చేయించడానికి వసంతం దాకా అయినా సమయం ఇవ్వాలి. వారాన్ని ఇద్దరు తల్లులు సగం సగం పంచుకునే వీలుందేమో కూడా అడగండి. కొన్ని ట్రూప్‌లు అలా సర్దుకుంటాయి. మానేస్తే మీకు మిగిలేదేమిటో మీరే తూచుకోవాలి. భయం లేని వేసవి దొరుకుతుంది. పరువు కోసమే మానెయ్యమన్న ఆయన మాట నెగ్గినట్టూ అవుతుంది. రెండో సంగతి మీకు ముల్లులా గుచ్చుకుంటుందని మీ ఉత్తరం చదివితే నాకనిపించింది.

ఇప్పుడు మీవారి సంగతి. ఆయన చెడ్డవారని మీరెక్కడా రాయలేదు. ఇంటిల్లిపాదీ ఒకరినొకరు ఆటపట్టించుకునే కుటుంబమనీ, ఆయన జారిపడ్డ వీడియో కూడా ఆ గ్రూపులో ఉందనీ రాశారు. బహుశా ఆయన లెక్కలో రెండూ ఒకటే. మీరు ఇన్ని నెలలూ ఆయనతో అన్నది "మీకు సిగ్గు లేదా" అన్న మాటొక్కటే. దానికి ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "సరదాకి చేశాను." కాబట్టి మాట మార్చి చూడండి. ఇద్దరే ఉన్నప్పుడు ఆ వీడియో ఆయన పక్కన కూర్చుని చూడండి. పియా చెప్పినవి ఒక్కొక్కటీ చూపించండి. ఇక్కడ నేను అరవాలనుకున్నాను, ఇక్కడ గాలి అందలేదు, ఇక్కడ కర్ర రాకపోతే తర్వాత ఏం జరిగేదో చూడండి అని. పెద్దమ్మ కూతురి సంగతి ఆయనకి పెళ్ళప్పుడు ఎవరో చెప్పి ఉంటారు, ఈ వీడియోతో కలిపి ఎప్పుడూ ఆలోచించి ఉండరు.

అది చూశాక ఆయనే తీసేస్తే మంచిది. గ్రూపులో మీరే రెండు వాక్యాలు రాయడం ఇంకో దారి. "అందులో నేను ఆడటం లేదు, మునుగుతున్నాను. తీసేయండి." దీనితో నవ్వులు ఆగుతాయి, కానీ ఆయన్ని అందరి ముందూ నిలబెట్టినట్టవుతుంది. ఆ వేడి కొన్నాళ్ళు ఇంట్లో ఉంటుంది. నిశ్శబ్దంగా గ్రూపులోంచి బయటికి రావడం తేలికగా కనిపిస్తుంది గానీ, ఎందుకు వెళ్ళావని పదిమందికి పదిసార్లు చెప్పుకోవాల్సి వస్తుంది.

వీడియో తీసిన తండ్రి విషయంలో మీకు వేరే బాధ్యత ఉంది. అందులో వెనక వరసలో ఈత దుస్తుల్లో ఉన్న పిల్లలందరూ ఇతరుల పిల్లలు. వాళ్ళ తల్లిదండ్రులకి తెలియకుండా అది మీ ఇంటి గ్రూపు దాకా, అక్కణ్ణుంచి ఎక్కడికో వెళ్ళింది. లీడర్‌గా మీరు తీసుకున్న శిక్షణ గుర్తు తెచ్చుకుని, దాన్ని చెరిపేయమని, ఇకమీద ఈత చోట ఫోన్లు తీయవద్దని ఆయనకి నేరుగా చెప్పండి. ట్రూప్ పెద్దకీ తెలియజేయండి. ఇది మీ పరువు గొడవ కాదు కాబట్టి మొహమాటం అక్కర్లేదు. అయితే మీవారి దగ్గర ఈ కారణం చాటున దాక్కోకండి. ఆయనకి పిల్లల నియమం చెబితే నియమం కోసం తీసేస్తారు. మీకు బాధ కలిగిందన్న సంగతి అలాగే ఉండిపోతుంది.

మీ అమ్మగారి ప్రశ్న దగ్గర నేను కాసేపు ఆగాను. నీళ్ళ మధ్య పుట్టి ఈత రాదంటే అందరూ నవ్వుతున్నారని రాశారు. డెల్టా ఊళ్ళు తెలిసినవాళ్ళు నవ్వరు. మగపిల్లలు నడుముకి బెండ్లు కట్టుకుని, గేదెల వీపుల మీద ఎక్కి కాలువలో ఈత పట్టేవారు. ఆడపిల్లలు బిందె ముంచే మెట్టు దాకానే. అదే కాలువ, అదే రేవు. జారితే మునిగేది ఎవరో అప్పుడే తేలిపోయింది. మీ అమ్మగారు ఒక పిల్లని పోగొట్టుకున్న ఇంట్లో మిగతా పిల్లల్ని దక్కించుకోవడానికి తనకి తెలిసిన ఒకే ఒక్క దారి పట్టారు. నీళ్ళ వార్త ఏది వచ్చినా మన ఇళ్ళన్నీ అదే దారి పడతాయి. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలో డ్యామ్ నీళ్ళు ఒక్కసారిగా వదిలితే హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఆ ప్రవాహంలో ఈత వచ్చినా పెద్దగా లాభం ఉండేది కాదు. పైన డ్యామ్ ఉన్న నది మధ్యలో నిలబడకూడదన్నది అక్కడ నేర్వాల్సిన సంగతి. మన ఇళ్ళలో మాత్రం "పిల్లల్ని నీళ్ళున్న చోటికి పంపొద్దు" అన్నదే మిగిలింది.

అమ్మకి చెప్పాలా అంటే, ఇప్పుడే చెప్పకపోయినా తప్పులేదు. సముద్రాల అవతల కూర్చుని ఆవిడ చేయగలిగింది రాత్రుళ్ళు నిద్ర మానుకోవడమే. కానీ ఆడపడుచుల గ్రూపులో ఉన్న వీడియో మీ పుట్టింటివాళ్ళ ఫోన్లలోకి రావడానికి ఒక్క వేలు కదిలితే చాలు. ఎవరి నోటనో, ఎవరి నవ్వుతోనో ఆవిడకి తెలిసేకన్నా మీ నోటితో తెలియడం మేలు. తేలడం వచ్చాక చెబితే కథ వేరేగా ఉంటుంది: "అమ్మా, నేను ఈత నేర్చుకుంటున్నాను, ఎందుకంటే..." అని మొదలుపెట్టవచ్చు. కోప్పడతారు. ఏడుస్తారు కూడా. అన్నేళ్ళ నాటి దుఃఖం మీతో ఆవిడ ఇంతవరకూ మాట్లాడి ఉండరు కాబట్టి, ఆ ఫోన్ పొడవుగానే సాగుతుందనుకోండి.

ఇంత రాశాక కూడా నా దగ్గర ఒక ఖాళీ ఉంది. మీ అమ్మాయి ఆ రోజు ఎటో చూసిందని రాశారు, అది సిగ్గు అని మీరే తేల్చేశారు. పదమూడేళ్ళ పిల్ల తల్లి మునగడం చూడలేక మొహం తిప్పుకుని ఉండొచ్చు. నిజంగా సిగ్గుపడి కూడా ఉండొచ్చు, ఆ వయసుకి అది సహజం. కానీ సిగ్గే అయితే వచ్చే ఏడు కూడా నువ్వే రావాలని ఎందుకు అడుగుతుంది? ట్రూప్ ఆగిపోతుందనా, ఇంకేమైనా ఉందా? పైన రాసిన దారుల్లో ఏది ఎంచుకోవాలన్నా ముందు ఆ పిల్లనే అడగండి. ఇంట్లో ఎదురెదురుగా కూర్చోబెట్టి కాకుండా, కారులో ఎక్కడికైనా తీసుకెళ్తూ అడిగితే ఆ వయసు పిల్లలు ఎక్కువ చెబుతారు. "లీడర్‌గా ఎవరో ఒకరు ఉంటే చాలు" అంటే ఇంకో తల్లిని వెతకడం తేలికవుతుంది. "నువ్వు ఒడ్డున ఉంటే చాలు" అంటే తెల్లబిళ్ళ సరిపోతుంది. "నాతో పాటు కయాక్‌లో రావాలి" అంటే పూల్‌లో పేరు ఇచ్చి రండి. తను ఏమన్నదో వీలైతే నాకు రాయండి.